టైర్లు మార్చిన తరువాత కారులో వచ్చిపోయే వణుకు: కారణాలు, పరీక్షించే క్రమం

కారుకు కొత్త టైర్లు వేయించిన తరువాత ప్రయాణం మునుపటికంటె మెత్తగా సాగుతుందని ఆశించడం సహజం. కొన్ని సందర్భాలలో అందుకు విరుద్ధంగా, అంతకుముందు లేని వణుకు ఒకటి మొదలవుతుంది. వణుకు ఎల్లవేళలా ఉన్నట్లయితే కారణం కనిపెట్టడం తేలిక. ఒకసారి కనిపించి మరొకసారి మాయమయ్యే వణుకుతోనే చిక్కు. మెకానిక్కు వద్దకు తీసుకుపోయిన రోజున బండి నిలకడగా నడుస్తుంది. ఇంటిల్లిపాదీ పెళ్లికి బయలుదేరిన రోజున స్టీరింగు చేతిలో ఆడుతుంది. చివరకు అనుమానం మీద ఒక్కొక్క భాగం మార్చుకుంటూ పోవడం, డబ్బు ఖర్చయినా వణుకు మిగిలిపోవడం చాలామందికి అనుభవమే.

టైరు మార్చడం ఒక్క పని కాదు. చక్రాన్ని హబ్బు నుంచి ఊడదీయాలి, పాత టైరును రిమ్ము నుంచి విడదీయాలి, కొత్తదానిని ఎక్కించాలి, గాలి నింపాలి, బరువు సరిచూడాలి, చక్రాన్ని తిరిగి హబ్బుపై కూర్చోబెట్టి నట్లు బిగించాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా వణుకు పుడుతుంది. కాబట్టి వణుకు వచ్చిన వెంటనే టైరు చెడ్డదని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. అట్లాగని కొత్త టైర్లు కొద్ది రోజులలో అవే సర్దుకుంటాయని ఊరకుండటం అంతకంటె ప్రమాదకరం.

బండి కదిలించే ముందు చూడవలసినవి

వణుకు కారణాలలో కొన్ని కేవలం అసౌకర్యం కలిగిస్తాయి, కొన్ని ప్రాణాపాయం తెస్తాయి. రెండవ రకానివి మూడు. వాటిని ముందుగా తోసిపుచ్చిన తరువాతనే తక్కినవాటి విచారణ.

మొదటిది, వదులుగా ఉన్న నట్లు. టైర్లు మార్చిన తరువాత వణుకు వచ్చినదంటే ముందుగా పానా తీసి నాలుగు చక్రాల నట్లూ చూడాలి. రిమ్ముకూ హబ్బుకూ మధ్య తుప్పు పొరో, ఎండిన మట్టి పెళ్లో ఉన్నట్లయితే, బిగించిన రోజున గట్టిగా ఉన్న నట్టు కూడా కొంత దూరం నడిచాక ఆ పొర నలగడం వలన వదులవుతుంది. అందువలన చక్రం తీసి వేసిన ప్రతిసారీ 50 నుంచి 100 కి.మీ. నడిచిన తరువాత నట్లను మరొకసారి సరిచూడాలి. చాలా చిన్న కార్లకు బిగింపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల వరకు ఉంటుంది. బండితో ఇచ్చిన పుస్తకంలోని అంకెయే ప్రమాణం. పానా మీద ఎక్కి తొక్కడం వలన బోల్టు మర సాగి, మరొక ప్రమాదానికి దారితీస్తుంది.

రెండవది, టైరుపై ఉబ్బు. టైరు పక్క గోడపైగాని, నేలను తాకే భాగంలోగాని కోడిగుడ్డు వలె పొంగిన చోటు ఉన్నట్లయితే లోపలి దారాలో, ఉక్కు తీగల పొరో తెగి ఉంటుంది. అటువంటి టైరు ఎప్పుడు పగులుతుందో చెప్పలేము. టైరు కొత్తదైనా గుంటలో పడి రిమ్ముకు కొట్టుకుంటే ఈ దెబ్బ తగలవచ్చు. దానికి మరమ్మతు లేదు. వెంటనే స్టెప్నీ వేసుకొని నెమ్మదిగా ఇల్లు చేరాలి.

మూడవది, గాలి. ఒక చక్రంలో గాలి బాగా తగ్గినట్లయితే టైరు గోడ అధికంగా వంగి వేడెక్కుతుంది. గాలిని చల్లని టైర్లలో, అంటే ప్రయాణానికి ముందే, డ్రైవరు వైపు తలుపు చట్రంపై అంటించిన పట్టీలోని అంకె ప్రకారం చూడాలి. టైరు గోడపై అచ్చువేసిన పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల హద్దు మాత్రమే. నింపవలసిన గాలి అది కాదు.

20 నుంచి 40 కి.మీ. వేగంలోనే బండి పక్కలకు ఊగుతున్నా, చక్రం వైపు నుంచి టక టక మన్న చప్పుడు వచ్చినా, కి.మీ. గడిచేకొద్దీ వణుకు పెరుగుతున్నా మరి ముందుకు పోరాదు. బండిని రోడ్డు పక్కన ఆపి పై మూడింటినీ చూడాలి.

కొద్ది గ్రాముల లోపం ఇంత పని ఎట్లా చేస్తుంది

165/80 ఆర్ 14 కొలత గల టైరు ఒకసారి తిరిగితే బండి దాదాపు 1.95 మీటర్లు ముందుకు పోతుంది. 80 కి.మీ. వేగంలో ఆ చక్రం సెకనుకు 11 సార్లకు పైగా తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకవైపు 20 గ్రాముల బరువు ఎక్కువగా ఉన్నదనుకుంటే, ఆ వేగంలో అది చక్రాన్ని దాదాపు 1.9 కిలోల బరువుకు సమానమైన బలంతో బయటకు లాగుతుంది. చక్రంతో పాటు ఆ లాగుడు దిశ కూడా తిరుగుతూ ఉంటుంది. అదే వణుకు.

ఈ బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40 కి.మీ. వద్ద అర కిలో కూడా లేని బలం 120 కి.మీ. వద్ద నాలుగు కిలోలు దాటుతుంది. అందువలననే ఊరి వీధులలో తెలియని లోపం జాతీయ రహదారి ఎక్కగానే బయటపడుతుంది. మరొక విశేషం కూడా ఉన్నది. ప్రతి బండి స్ప్రింగులకూ స్టీరింగుకూ తమదైన ఊపు లయ ఒకటి ఉంటుంది. చక్రం తిరిగే లయ దానితో కలిసినప్పుడు, సాధారణంగా 80 నుంచి 110 కి.మీ. మధ్య, వణుకు బాగా హెచ్చి, వేగం ఇంకా పెంచితే కొంత తగ్గినట్లు కనిపిస్తుంది. తగ్గినట్లు తోచినంత మాత్రాన లోపం పోయినట్లు కాదు.

వచ్చిపోవడానికి కారణాలు

లోపం ఎప్పుడూ ఉన్నా వణుకు మాత్రం అప్పుడప్పుడే కనిపించడానికి స్పష్టమైన కారణాలు ఉన్నాయి.

1. రెండు చక్రాల పొత్తు. ముందరి రెండు చక్రాలలోనూ కొద్దికొద్దిగా బరువు తేడా ఉన్నదనుకుందాము. ఎడమ చక్రపు బరువైన భాగం, కుడి చక్రపు బరువైన భాగం ఒకేసారి పైకి వచ్చినప్పుడు రెండింటి ఊపూ కలుస్తుంది. ఒకటి పైన, మరొకటి కింద ఉన్నప్పుడు ఒకదానినొకటి చాలవరకు రద్దు చేస్తాయి. రెండు టైర్ల చుట్టుకొలతలో 200 భాగాలలో ఒక భాగం తేడా ఉన్నా, 80 కి.మీ. వేగంలో దాదాపు 17, 18 సెకన్లకొకసారి అవి కలిసి విడిపోతుంటాయి. గాలి తేడా, అరుగుదల తేడా ఇందుకు చాలు. ఒకే వేగంలో పోతున్న బండిలో వణుకు అలవలె వచ్చి పోవడానికి ఇదే ముఖ్య కారణం. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటె ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి ఈ పొత్తు మారిపోతుంది. మలుపు ముందు ఉన్న వణుకు మలుపు తరువాత లేకపోవడానికీ, అటునుంచి ఇటు రావడానికీ అదే హేతువు.

2. రిమ్ములో మట్టి. బళ్లారి, రాయచూరు, నాందేడు ప్రాంతాల నల్లరేగడి వాన పడితే జిగురు వలె అంటుకుంటుంది. పొలం బాటన వచ్చిన బండి రిమ్ము లోపలి వైపు అది ముద్దగా చేరి ఎండిపోతే, చక్రంలో ఒకవైపు వందల గ్రాముల బరువు చేరినట్లే. పెళ్ల రాలినప్పుడు వణుకు పోతుంది, మరల బురదలో దిగితే వస్తుంది. బండి బయటివైపు కడిగితే ఈ మట్టి పోదు. చక్రం లోపలి ముఖాన్ని కూడా కడగాలి.

3. నిలిపి ఉంచిన టైరు. పండుగకు తప్ప బయటకు తీయని కారులో, నేలను తాకి ఉన్న చోట టైరు కొద్దిగా చదునవుతుంది. బయలుదేరిన కొత్తలో దడదడ మని, పది ఇరవై కి.మీ. నడిచి టైరు వేడెక్కగానే సర్దుకుంటుంది. ఉదయం ఉండి మధ్యాహ్నం లేని వణుకుకు ఇది కారణం కావచ్చు. నెలల తరబడి గాలి తగ్గిన స్థితిలో నిలిపిన టైరుకు మాత్రం ఆ చదును శాశ్వతంగా మిగలవచ్చు.

4. టైరు లోపల ద్రవం. పంక్చరుకు పోసిన ద్రవం బండి ఆగి ఉన్నప్పుడు అడుగుకు చేరి, తిరిగేటప్పుడు అసమంగా పరుచుకుంటుంది. కంప్రెసరు ట్యాంకులో చేరిన నీటిని తీయకుండా గాలి కొట్టినా కొంత నీరు టైరులోకి పోతుంది. ఇటువంటి చక్రాన్ని మిషనుపై ఎన్నిసార్లు పెట్టినా ప్రతిసారి వేరువేరు అంకెలు చూపుతుంది. అదే దాని గుర్తు.

5. రోడ్డు. సిమెంటు రోడ్డు అతుకులు, పైపొర గీరి వదిలిన తారు రోడ్డు కూడా వణుకు పుట్టిస్తాయి. ఒకే రోడ్డుపై మాత్రమే వచ్చే వణుకును వేరొక రోడ్డుపై చూసిన తరువాతనే బండికి అంటగట్టాలి.

లక్షణాన్ని బట్టి గుర్తించడం

స్టీరింగు చేతిలో ఆడితే ముందరి చక్రాలను, సీటు, నేల వణికితే వెనుక చక్రాలను ముందుగా అనుమానించాలి. ఇది తుది తీర్పు కాకపోయినా వెతకడానికి మంచి మొదలు.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కు మందంలో తేడా వచ్చి ఉంటుంది. నట్లు ఒకటి అతిగట్టిగా, ఒకటి వదులుగా బిగించడం కూడా కాలక్రమంలో ఈ లోపాన్ని తెస్తుంది. అది టైర్లు మార్చిన కొన్ని వారాల తరువాత బయటపడవచ్చు.

యాక్సిలరేటరు తొక్కినప్పుడు వణికి, కాలు తీయగానే ఆగితే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటును చూపించాలి. పూర్తిగా మలుపు తిప్పినప్పుడు కట కట మంటే బయటి జాయింటు అరిగినట్లు.

ఒకే వేగంలో గేరు మార్చగానే వణుకు మారితే దోషం చక్రాలలో లేదు, ఇంజనులోనో దాని మౌంటింగులలోనో ఉన్నది. చక్రాల వణుకు బండి వేగాన్ని అనుసరిస్తుంది, ఇంజను వణుకు ఇంజను వేగాన్ని అనుసరిస్తుంది. నిలబెట్టిన బండిలో కూడా వణుకు ఉన్నట్లయితే టైర్ల మాటే లేదు.

హోరు మన్న శబ్దంతో కూడిన వణుకు ఒకవైపు మలుపులో పెరిగి రెండవవైపు తగ్గితే చక్రపు బేరింగును అనుమానించాలి.

బండి ఒక పక్కకు లాగడం, టైరు ఒక అంచున అరగడం అలైన్‌మెంటు దోషానికి గుర్తులు. అలైన్‌మెంటు వేరు, బ్యాలెన్సింగు వేరు. మొదటిది చక్రం నిలబడిన కోణానికి, రెండవది చక్రంలోని బరువుకు సంబంధించినది. వణుకు పోవాలని అలైన్‌మెంటు ఒక్కటే చేయించి తిరిగి రావడం తరచుగా జరిగే పొరపాటు.

పరీక్షించే క్రమం

ఖర్చు లేని పనితో మొదలుపెట్టి ఖర్చు గల పనికి పోవడం ఈ విచారణలో ముఖ్య సూత్రం. ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేని వలన గుణం కనిపించినదో తెలియదు.

మొదట ఒక కాగితంపై వణుకు జాతకం వ్రాసుకోవాలి. ఎంత వేగంలో మొదలవుతుంది, ఎంతలో ఆగుతుంది, ఎక్కడ తెలుస్తుంది, బ్రేకు, యాక్సిలరేటరు, మలుపు వీటిలో దేనితో సంబంధం ఉన్నది, బండి చల్లగా ఉన్నప్పుడా వేడెక్కిన తరువాతనా, వాన తరువాతనా, ఎంతమంది కూర్చున్నప్పుడు. డ్రైవరు బండి నడుపుతూ వ్రాయరాదు, పక్కన కూర్చున్నవారు వ్రాయాలి. హోసూరులో తమిళ మెకానిక్కు అయినా, బరంపురంలో ఒడియా మెకానిక్కు అయినా, కన్నడ, మరాఠీ మెకానిక్కు అయినా, "80 నుంచి 95, స్టీరింగు, బ్రేకు లేకుండా" అన్న ముక్కతో అతని పని సగం తీరుతుంది. "బండి ఊగుతున్నది" అన్నంత మాత్రాన తీరదు.

రెండవది, నాలుగు చక్రాల లోపలి, బయటి ముఖాలను శుభ్రంగా కడిగి, గాలి సరిచేసి, నట్లు చూసి మరల అదే రోడ్డుపై నడపాలి. కొన్ని వణుకులు ఇక్కడే తీరిపోతాయి.

మూడవది, బండిని సమతలంపై నిలిపి, చేతి బ్రేకు వేసి, తక్కిన చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఒక్కొక్క ముందరి చక్రాన్ని జాకీతో లేపాలి. వెనుక చక్రాన్ని లేపేటప్పుడు చేతి బ్రేకు విడువవలసి ఉంటుంది కాబట్టి ముందరి చక్రాలకు రెండువైపులా అడ్డు గట్టిగా ఉండాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కింద చేయిగాని తలగాని పెట్టరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి. చక్రాన్ని పైన కింద పట్టుకొని ఊపితే ఆట కనిపించినట్లయితే బేరింగో బాల్ జాయింటో అరిగినది. రెండు పక్కల పట్టుకొని ఊపితే ఆడినట్లయితే టై రాడ్డు చివరలు చూపించాలి. తరువాత గేరు న్యూట్రలులో ఉంచి, ఒక పుల్లను రిమ్ము అంచుకు దగ్గరగా కదలకుండా నిలిపి, చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పాలి. పుల్లకూ రిమ్ముకూ మధ్య సందు ఒక మిల్లీమీటరుకు మించి మారుతున్నట్లయితే రిమ్ము వంగినదని అనుమానించవచ్చు. రిమ్ము సరిగా ఉండి టైరు మాత్రమే ఎగుడుదిగుడుగా తిరిగితే టైరు లోపమో, కూర్చోబెట్టడంలో లోపమో ఉన్నది.

నాలుగవది, చక్రాల మార్పిడి. ఏ చక్రం ఎక్కడిదో సుద్దతో గుర్తువేసి ముందరివి వెనుకకు, వెనుకవి ముందుకు అదే పక్కన మార్చాలి. స్టీరింగులోని వణుకు సీటుకు మారినట్లయితే దోషం చక్రంలోనే ఉన్నది. మారకపోతే దోషం హబ్బులోనో, బ్రేకులోనో, స్టీరింగు భాగాలలోనో ఉన్నది. రూపాయి ఖర్చు లేకుండా సందేహాన్ని సగానికి తగ్గించే పరీక్ష ఇది.

ఐదవది, ఇంత చేసిన తరువాత బ్యాలెన్సింగు మిషను వద్దకు పోవాలి.

టైర్ల షాపులో గమనించవలసినవి

రిమ్ము బయటి అంచు చుట్టూ టైరుపై ఒక సన్నని గీత ఉంటుంది. గీతకూ రిమ్ముకూ మధ్య దూరం అంతటా సమానంగా ఉండాలి. ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉన్నట్లయితే టైరు రిమ్ములో సరిగా కూర్చోలేదు. గాలి తీసి, అంచుకు టైరు పేస్టు రాసి మరల గాలి నింపవలసి ఉంటుంది. పాత బరువు ముక్కలను పూర్తిగా తీసిన తరువాతనే కొత్త కొలత చూడాలి. మిషనులో చక్రం మధ్య రంధ్రం శుభ్రంగా, నిటారుగా కూర్చోకపోతే చూపే అంకెయే తప్పు. సున్నా చూపిన చక్రాన్ని మిషను నుంచి వదులుచేసి, సగం చుట్టు తిప్పి మరల బిగించి చూసినప్పుడు కూడా సున్నాకు దగ్గరగా ఉన్నట్లయితే ఆ కొలతను నమ్మవచ్చు.

చాలా కంపెనీల కొత్త టైర్లపై రంగు చుక్కలు ఉంటాయి. పసుపు చుక్క సాధారణంగా టైరులో తేలికైన చోటును సూచిస్తుంది. దానిని గాలి వాల్వు పక్కకు వచ్చేటట్లు ఎక్కిస్తే బరువు ముక్కలు తక్కువ పడతాయి. తిరిగే దిశకు బాణం గుర్తు ఉన్న టైర్లను ఆ దిశలోనే వేయాలి.

విడిగా కొన్న అల్లాయ్ రిమ్ముల విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త ఉన్నది. వాటి మధ్య రంధ్రం అనేక కార్లకు సరిపోవడానికి పెద్దదిగా చేయబడి ఉంటుంది. హబ్బుకూ రంధ్రానికీ మధ్య తగిన ఉంగరం వేయకపోతే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. అప్పుడు మిషనుపై సరిగా ఉన్న చక్రమే బండిపై వణుకుతుంది, తీసి బిగించిన ప్రతిసారీ ఆ వణుకు మారుతుంది. నట్టు కొన రిమ్ము గుంటకు సరిపోవాలి. శంఖు కొనకు శంఖు గుంట, గుండ్రని కొనకు గుండ్రని గుంట. నాలుగు నట్లయితే ఎదురెదురుగా, అయిదయితే నక్షత్రాకారంలో, చక్రం గాలిలో ఉండగా కొద్దికొద్దిగా, నేలకు దించిన తరువాత పూర్తిగా బిగించాలి.

బరువు సరిచేసినా, రిమ్ము సరిగా ఉన్నా వణుకు పోకపోతే, టైరు గోడ ఒకచోట బిరుసుగా, ఒకచోట మెత్తగా ఉన్నదని అర్థం కావచ్చు. మామూలు మిషను దీనిని పట్టలేదు. టైరుపై రోలరును ఒత్తి కొలిచే రోడ్ ఫోర్స్ మిషను పెద్ద పట్టణాలలోని కొన్ని షాపులలో ఉంటుంది. టైరును రిమ్ముపై సగం చుట్టు తిప్పి ఎక్కించినా కొంత గుణం కనిపించవచ్చు.

మంచు దేశాలలో ఉన్నవారికి

ఈ జిల్లాల నుంచి పోయి కెనడాలోను, ఐరోపాలోను స్థిరపడిన పిల్లలు ఏటా రెండుసార్లు టైర్లు మార్చుకుంటారు. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు శీతకాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కంటె చలి పెరిగినప్పుడు మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. శీతకాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉండి, లోతైన గాళ్లతో, సన్నని కోతలతో మంచును పట్టుకుంటుంది. ఆ మెత్తదనం వలన కొంత హోరు, స్టీరింగులో కొంత తేలిక సహజమే. స్పష్టమైన వణుకు మాత్రం సహజం కాదు.

అక్కడ వచ్చిపోయే వణుకుకు మొదటి అనుమానితుడు రిమ్ములో గడ్డకట్టిన మంచు. నల్లరేగడి ఇక్కడ చేసే పనినే మంచు అక్కడ చేస్తుంది, కరగగానే వణుకు పోతుంది. రెండవది, రోడ్లపై చల్లే ఉప్పు వలన హబ్బు ముఖంపై పట్టిన తుప్పు. చక్రం మార్చిన ప్రతిసారీ ఆ ముఖాన్ని తీగ బ్రష్షుతో రుద్దాలి. మూడవది, శీతకాలానికని విడిగా ఉంచుకొన్న రెండవ జత రిమ్ముల మధ్య రంధ్రం సరిపోకపోవడం. నట్లను మరల సరిచూడవలసిన నియమం అక్కడా మారదు.

బిల్లు, హామీ

సరిహద్దు గ్రామాలవారు టైరు ఒక రాష్ట్రంలో కొని మరొక రాష్ట్రంలో బిగించుకోవడం కద్దు. కొన్నచోట బిల్లుపై టైరు కొలత, వరుస సంఖ్య వ్రాయించుకోవాలి. టైరు గోడపై నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. టైరులో లోపం ఉన్నదని తేలినట్లయితే కంపెనీ పరీక్షకు పంపేటప్పుడు ఇవి అడుగుతారు. వణుకు జాతకం వ్రాసిన కాగితం కూడా దానికి జతచేయవచ్చు.

టైరు మార్చిన ఇంట ఆ బాధ్యత బిల్లు చెల్లించడంతో తీరదు. వంద కి.మీ. లోపల నట్లు మరల చూసుకోవడం, ఆ వారంలో ఒకసారి చేతితో నాలుగు టైర్ల గోడలూ తడిమి చూడటం పది నిమిషాల పని. వణుకు వచ్చినా రాకపోయినా చేయవలసిన పని అది. వచ్చిన వణుకు తనంతట తాను పోయినప్పుడు మరింత శ్రద్ధగా చేయాలి. ఎందుకంటే వదులైన నట్టు, చిట్లిన టైరు కూడా మొదట అట్లాగే వచ్చి పోతాయి.